మొహమాటం మేడం

నా వెనకాల విద్యార్థులు నన్ను ‘మొహమాటం మేడం’ అని పిలుచుకుంటారని తెలిసినప్పుడు నాకు కోపం రాలేదు. పేరు బాగానే కుదిరిందనిపించింది. పనిచేసే చోట మనుషులు ఒకరి మాటకి ఒకరు ఎందుకు తలూపుతారు, మనసులో కాదనుకుంటూనే పైకి సరేనని ఎందుకంటారు అన్నదే నా చదువూ, నా ఉద్యోగమూ. సైకాలజీ పుస్తకాల్లో దానికి గంభీరమైన పేర్లు చాలా ఉన్నాయి. రాజమండ్రిలో క్లాసు చెప్పేటప్పుడు వాటన్నిటికంటే మొహమాటం అన్న మాటే పిల్లలకి తొందరగా ఎక్కేది. అందరి ఇంట్లోనూ ఉదాహరణలే కాబట్టి నవ్వేవారు కూడా.

ఇప్పుడు రిటైరయ్యాను. దానవాయిపేటలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నే ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక కథేమైనా ఉందేమోనని ఆశపడి అడిగినవాళ్ళందరూ నిరాశపడ్డారు. పొద్దున్నే పేపరు చదువుతాను, వంట చేసుకుంటాను, ఆ తర్వాత నోరు విప్పాల్సిన పని పెద్దగా ఉండదు. లిఫ్టులో ఎదురైనవాళ్ళు “బాగున్నారాండీ” అంటారు. “బాగున్నానండి” అంటాను. ఈ ప్రశ్నకి ఇంకో జవాబు ఉంటుందని వాళ్ళూ అనుకోరు, నేనూ అనుకోను.

ఈ మొహమాటం పిచ్చి నాకు మండపేటలో ఒక రైసుమిల్లులో పట్టుకుంది. అప్పుడు డాక్టరేట్ చేస్తున్నాను. మిల్లు పెరట్లో సిమెంటు గచ్చు మీద ఉడికించిన ధాన్యం ఆరబోసే ఆడవాళ్ళని, వాళ్ళ పని గురించీ మేస్త్రీ గురించీ ప్రశ్నలడగాలి. ఒక్కో ప్రశ్నకి ఒకటి నుంచి అయిదు వరకూ అంకె చెప్పాలి. ఒకటంటే అస్సలు కాదని, అయిదంటే పూర్తిగా నిజమని. ఈ సంగతి వాళ్ళకి ఓపిగ్గా చెప్పాను. నా చదువు కోసం అడుగుతున్నానని, నిజమే చెప్పాలని కూడా చెప్పాను.

“మేస్త్రీ మీతో మర్యాదగా మాట్లాడతాడు” అని చదివాను. “అయిదండీ” అన్నారు. “మేస్త్రీ ఊరికే కేకలేస్తుంటాడు” అని చదివాను. “ఆయ్, అయిదేనండి” అన్నారు. పని సుఖంగా ఉందంటే అయిదు, పని ప్రాణం మీదికొస్తోందంటే అయిదు. సాయంత్రానికి నా చేతిలో అన్నీ అయిదులే. ఏడుపొచ్చినంత పనైంది. ఉండబట్టలేక, అందరిలోకీ పెద్దదానిలా ఉన్నావిడని అడిగాను, అన్నిటికీ అయిదే ఎందుకు చెప్పారని.

“అదేంటండీ అలా అంటారు? మీ పరీక్షకేగా ఈ మార్కులు! ఎండనబడి అంత దూరం నుంచి వచ్చారు, పొద్దుట్నించీ నిలబడే ఉన్నారు. మీకు తక్కువ ఎలా వేస్తామండీ?”

వాళ్ళు పని గురించి చెప్పలేదు. నాకు మార్కులు వేశారు. ఇంటికొచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చినట్టు అయిదులు ఇచ్చారు. మా గైడు ఆ కాగితాలు చూసి ఇవి బుట్టలో పడేసి మళ్ళీ వెళ్ళమన్నారు. మళ్ళీ వెళ్ళాను కానీ పడెయ్యలేదు. మనుషులు నిజం చెప్పకుండా అడ్డుపడిందేదో అదే నేను చదవాల్సిన విషయమని అప్పుడు అనిపించింది. అలా అనిపించినందుకు చాలా గర్వపడ్డాను. తర్వాత జీవితమంతా దాని మీదే నడిచింది.

ఆఫీసు మీటింగుల్లో వెనక వరసలో కూర్చుని, పెద్ద ఆఫీసరు మాటకి ముందు ఎవరు తలూపుతారో, వాళ్ళని చూసి ఎవరెవరు ఊపుతారో చూసేదాన్ని. బట్టల కొట్లలో, పాల కేంద్రాల్లో, సొసైటీ ఆఫీసుల్లో గోడవారన ఒక కుర్చీ వేయించుకునేదాన్ని. అంతర్వేది వైపు ఒడ్డున కూర్చుని, పడవల వాళ్ళు ఆరోజు వేటకి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడం కూడా విన్నాను. సముద్రం విషయంలో వాళ్ళకి మొహమాటాలు లేవు. ఒకళ్ళమీద ఒకళ్ళు గొంతు చించుకుని అరుచుకునేవారు. అరుచుకున్నాక ఒకే గిన్నె చుట్టూ కూర్చుని తినేవారు. నన్నూ రమ్మనేవారు. మనం కలిస్తే వాళ్ళ తీరు మారిపోతుందని మాకు చదువులో నేర్పారు. అందుకని నేను నా డబ్బా తీసుకుని అవతలికి వెళ్ళి తినేదాన్ని. తింటూ వాళ్ళ వైపు చూస్తే అసూయగా ఉండేది.

ఈ చదువు వల్ల నాకొక జబ్బు వచ్చింది. ఎవరు మంచిమాట అన్నా నమ్మబుద్ధి కాదు. చీర బాగుందంటే మొహమాటానికి అన్నారనుకుంటాను. పాఠం బాగా చెప్పారంటే వీడికి అటెండెన్స్ తగ్గిందేమోననుకుంటాను. క్లాసులో పిలుపుల గురించి ఒక పాఠం చెప్పేదాన్ని. “ఒకసారి మా ఇంటికి రండి” అన్నది పిలుపు కాదు, వీడ్కోలు. “గురువారం రండి, పనసపొట్టు కూర చేస్తాను” అన్నది పిలుపు. వివరం ఉంటే నిజం, లేకపోతే మొహమాటం. జవాబులకీ ఇలాంటి కొలతే చెప్పేదాన్ని. మన గోదావరి జిల్లాల్లో మొహం మీద కాదనడం ఉండదు కాబట్టి “చూద్దాం లెండి” అంటే కాదని అర్థం చేసుకోవాలనేదాన్ని. పిల్లలు రాసుకునేవారు.

నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పి చాలామంది మాట్లాడారు. నేను చల్లని మనిషినట, ఓర్పుకి మారుపేరట. స్టేజి మీద కూర్చుని ఒక్కొక్క ఉపన్యాసానికీ మనసులో అంకె వేసుకుంటూ కూర్చున్నాను. అన్నీ అయిదులే. ఒక్కరైనా లేచి, ఈవిడ మీటింగుల్లో మా బుర్ర తినేసేది, ఒకపట్టాన ఏదీ ఒప్పుకునేది కాదు అంటే, వెళ్ళి కౌగిలించుకుని ఉండేదాన్ని. ఎవరూ అనలేదు. శాలువా ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లోనే ఉంది.

ఆ కాలేజీలో నాకు మిగిలిన మనిషి ఒక్కరే. కామర్స్ చెప్పే ఆవిడ. వర్తకుల ఇంటి కోడలు, భర్తకి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టుంది. నాకంటే కాస్త ముందే రిటైరయ్యారు. ఇన్నేళ్ళూ మధ్యాహ్నం ఆవిడ గదిలోనే తిన్నాం. ఆవిడ పప్పూ పచ్చడీ తెచ్చేవారు, నేను కూర తెచ్చేదాన్ని. ఎంత స్నేహమైనా మా మధ్య మీరూ, అండీ పోలేదు. మా ఇద్దరికీ ఆ అలవాటు పోయేది కాదు. నా కూర తిన్నప్పుడల్లా “మీ వంకాయ కూర ముందు మిగతావన్నీ దిగదుడుపేనండి” అనేవారు. ప్రపంచంలో ఎవరి పొగడ్తా నమ్మని నేను ఆ ఒక్కటీ మాత్రం హాయిగా నమ్మేశాను.

నేను రిటైరైన ఏడాది కార్తీకంలో ఒకరోజు ఆవిడ భోజనానికి పిలిచారు. వాళ్ళిల్లు ఇన్నీసుపేటలో పాతకాలం ఇల్లు. వాళ్ళుండే భాగం పక్కన ఒకే గోడకి ఇంకో చిన్న వాటా ఉంది. పెరడు మాత్రం ఇద్దరికీ ఒకటే. భోజనం అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే ఆవిడ కూడా వచ్చారు. కుళాయి తిప్పి, నా వైపు చూడకుండా అన్నారు.

“ఈ వాటా ఖాళీ అయిందండి. మీరొచ్చేయండి ఇందులోకి. వంటింటికి తూర్పున కిటికీ ఉంది, గాలికి ఢోకా లేదు. మీ పుస్తకాల బీరువాలు ముందు గదిలో పడతాయి. మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు చూసుకున్నాను కదా, టేపు పెట్టి ఇక్కడ గోడ కొలిచాను.”

టేపు పెట్టి కొలిచారు! నా పాఠం ప్రకారం అంతకంటే నిజమైన పిలుపు ఈ భూమ్మీద ఉండదు. నా గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. ఆ క్షణంలో నాకు ఏం కావాలో స్పష్టంగా తెలుసు. మధ్యాహ్నం పూట గోడవతల ఒక మనిషి గిన్నెలు కదిపే చప్పుడు కావాలి. “అన్నం తిన్నారాండీ” అని పెరట్లోంచి కేక కావాలి. కానీ వెంటనే సరే అనేస్తే, ఎప్పుడెప్పుడా అని కాచుకు కూర్చుందనుకుంటారేమో! ఇక్కడ ఎవరమూ మొదటి పిలుపుకే సరే అనం. పీట వేసి కూర్చోమన్నా ఒకసారి వద్దంటాం, రెండోసారికి కూర్చుంటాం. నా నోటికి పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు అది.

“మీకెందుకండీ శ్రమ. చూద్దాం లెండి” అన్నాను.

ఆవిడ “సరేనండి” అని కుళాయి కట్టేశారు.

ఇంటికొచ్చి రెండో పిలుపు కోసం ఎదురుచూశాను. రోజూ ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళం. కాలేజీ కబుర్లు, మోకాళ్ళ నొప్పులు, కొట్లో సేల్స్‌మన్ మానేసిన సంగతి, అన్నీ వచ్చేవి, వాటా ఊసు మాత్రం వచ్చేది కాదు. నేను మాత్రం మనసులో ఎప్పుడో సర్దేసుకున్నాను. బీరువాలు ముందు గదిలో, మంచం కిటికీ పక్కన, కరివేపాకు కుండీ పెరట్లో. మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎండ తగలక ఆ కరివేపాకు ఎప్పుడూ ఎదగలేదు. నువ్వు ఇంకెంతో కాలం ఇక్కడ ఉండవులే అని దానితో పైకే అన్నాను ఒకరోజు. ఒక్కదాన్నే ఉంటే మొక్కలతో మాట్లాడతారని విని నవ్వుకునేదాన్ని ఒకప్పుడు.

మాఘమాసంలో ఇద్దరం ద్రాక్షారామం వెళ్ళాం. భీమేశ్వరస్వామి దర్శనానికి పై అంతస్తుకి మెట్లెక్కుతుంటే ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నారు. ఏదైనా అంటారేమో అనుకున్నాను. అనలేదు. తిరిగొస్తూ బస్సులో కిటికీ పక్కన నేను, ఇటు ఆవిడ. కాలవ వెంట కొబ్బరిచెట్లు పోతున్నాయి. రామచంద్రపురం దాటాక ఆవిడ చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు.

“ఆ పక్క వాటాకి ఎవరో అడుగుతున్నారండి. భార్యాభర్తలిద్దరూ బ్యాంకులోనేనట. చిన్నపిల్ల ఉందట. ఏం చెయ్యమంటారు?”

అదే రెండో పిలుపు. మనిషి మొహమాటంగా పిలిస్తే అలాగే ఉంటుంది. అద్దెకివ్వడం గురించి అడిగినట్టు అడిగారు కానీ, వద్దనండి, నేనొస్తున్నాను అనడానికి నాకు దారి వేసిపెట్టారు. అప్పుడది నాకు తెలియలేదు. తెలియకపోవడమేంటి, ఇలాంటివి చెప్పే కదా జీతం తీసుకున్నాను! నాకు మాత్రం మొదట తట్టింది వేరు. మంచి కుటుంబం దొరికింది, నాకు ఇస్తానని నోరు జారినందుకు వాళ్ళని ఆపాల్సి వస్తోంది, ఇప్పుడు ఎలా తప్పుకోవాలా అని ఇబ్బందిపడుతున్నారు అనుకున్నాను. ఆవిడని ఇబ్బంది నుంచి తప్పించాలనుకున్నాను.

“మంచివాళ్ళయితే ఇచ్చేయండి, పిల్ల ఉంటే ఇల్లు సందడిగా ఉంటుంది” అన్నాను. అని కిటికీ వైపు తిరిగాను. రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు వచ్చేదాకా కొబ్బరిచెట్లే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. ఆవిడ చేస్తే నేను తీసేదాన్ని, నేను చేస్తే ఆవిడ తీసేవారు, కానీ ఎవరు ముందు చెయ్యాలన్నది తేలేది కాదు. నాకు రోజు గడవడం కష్టమైపోయింది. టీవీలో ఎవరో మాట్లాడుతుంటే సగంలో కట్టేసేదాన్ని, మళ్ళీ పెట్టేదాన్ని. చివరికి ఒక ఉదయం నామీద నాకే విసుగొచ్చింది. ఇంత వయసొచ్చి, ఇంత చదువు చదివి, నాకిది కావాలి అని నోరు తెరిచి అడగలేని మనిషి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అనుకున్నాను. వంకాయ కూర వండి గిన్నె మీద మూత పెట్టి, ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఒకే వాక్యం వల్లించుకున్నాను. ‘ఆ వాటా నాకు కావాలండి.’

గేటు తియ్యగానే పక్క వాటా గుమ్మంలో చిన్న సైకిలు కనిపించింది. పెరట్లో తీగ మీద పిల్ల గౌన్లు ఆరేసి ఉన్నాయి. కిటికీకి కొత్త కర్టెన్లు. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను కానీ ఆవిడ నన్ను చూసేశారు. “రండి రండి, ఎన్నాళ్ళైందండీ” అని నవ్వుతూ కూర్చోబెట్టి కాఫీ తెచ్చారు. బ్యాంకు వాళ్ళు వారం క్రితమే దిగారట. మంచివాళ్ళట.

గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఇంక అడగడానికేమీ లేదు. అయినా ఆ వాక్యం దారి పొడుగునా నోట్లో తిరిగి తిరిగి, ఆగకుండా బయటికొచ్చేసింది.

“ఆ వాటా నాకు కావాలండి.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. “ఏంటి?” అన్నారు.

“మొదటినుంచీ నాకే కావాలి. మీరు పెరట్లో అడిగినప్పుడే కావాలి.”

ఆవిడ తన గ్లాసు బల్లమీద పెట్టారు. గట్టిగానే పెట్టారు, కాఫీ ఒలికింది. ఆవిడకి కోపం వస్తే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

“ఇప్పుడా చెప్పేది? ఇప్పుడు చెప్పి ఏం చెయ్యమంటారు నన్ను? చూద్దాం లెండి అన్నారు. చూద్దాం లెండి అంటే ఏంటో ఊరందరికీ పాఠం చెప్పింది మీరే కదండీ! అయినా నా మనసు ఊరుకోక బస్సులో మళ్ళీ అడిగాను. ఇచ్చేయమన్నారు. పిల్ల ఉంటే సందడన్నారు. నాకెందుకండీ సందడి? ఈయన కొట్టుకి పోతే రాత్రికి కదా వచ్చేది! మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు నాకు. మీకు నాతో ఉండటం ఇష్టం లేదనుకున్నాను. నేనంటే మీకు మొహమాటమే తప్ప ఇంకేమీ లేదనుకున్నాను.”

ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుని, నేను తెచ్చిన గిన్నె వైపు చూశారు. ఇంకా కోపం తీరలేదు.

“ఇంకోటి కూడా చెప్పేస్తున్నాను, ఏమన్నా అనుకోండి. మీ కూరలో ఉప్పు ఎక్కువ. ఎప్పుడూ ఎక్కువే. ఇన్నేళ్ళూ పప్పులో కలుపుకుని తిన్నాను.”

“మరి బాగుందనేవారు కదండీ!”

“ఎలా అంటానండీ బాగోలేదని? పొద్దున్నే లేచి, ఒక్కరే వండుకుని, పట్టుకుని వచ్చేవారు. ఎలా అంటాను?”

మండపేట మిల్లులో ఆ పెద్దావిడ నన్నడిగిన మాటే అది. ఆరోజు నేను దాన్ని అబద్ధానికి కారణం అని రాసుకున్నాను. కాగితాలు, మీటింగులు, డాక్టరేట్లు అన్నీ అయిపోయాక, ఇన్నీసుపేటలో ఒలికిన కాఫీ ముందు కూర్చుని, అది అబద్ధం కాదేమో అనుకున్నాను. అయిదులు నిజంగానే నాకు వేశారేమో. నేనెప్పుడూ వాటిని తీసుకోలేదు.

ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఆ తర్వాత ఏడ్చినందుకు మొహమాటపడ్డాం. బ్యాంకు వాళ్ళని ఖాళీ చెయ్యమనడం కుదరదు. అలా అడగడం ఆవిడ వల్లా కాదు, అడిగించడం నా వల్లా కాదు. పిల్లని ఆ పక్క స్కూల్లోనే వేశారట. గుమ్మం దాకా వచ్చి ఆవిడ కూర గిన్నె నా చేతికే తిరిగి ఇచ్చారు. “ఇది మీరే తినండి. మంగళవారం పప్పుచారు పెడతాను, పన్నెండింటికల్లా రండి. ఏమీ వండి తేకండి” అన్నారు. ఈసారి ఒక్కమాటకే సరేనన్నాను.

ఇంటికొచ్చి అన్నం వండుకుని, ఆ కూర వేసుకుని కూర్చున్నాను. నెమ్మదిగా, నాలుక మీద పెట్టుకుని తిన్నాను. నిజమే, ఉప్పు ఎక్కువ. కూర చెడిపోయేంత ఉప్పు. నా నాలుక దానికి ఎప్పుడో అలవాటుపడిపోయింది. ఇంట్లో ఇంకో మనిషి కూర్చుని తింటే, మొదటి రోజే మొహం చిట్లించి చెప్పేవారు. చెప్పేవాళ్ళు లేక, నా ఉద్యోగమంత కాలం ఇదే కూర తిన్నాను.

చెయ్యి కడుక్కుని ఆవిడకి ఫోన్ చేశాను. “నిజమేనండి, ఉప్పు ఎక్కువే” అన్నాను.

“అది చెప్పడానికా ఫోన్ చేశారు?” అన్నారు ఆవిడ. గొంతులో నవ్వుంది. ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. ఆవిడ వెనక, మా ఇద్దరిదీ కావాల్సిన పెరట్లో, ఆ పిల్ల సైకిలు బెల్లు మోగిస్తూ తిరుగుతోంది. నేను ఫోన్ చెవికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుని, ఆ బెల్లు వింటూ నిలబడ్డాను.